నాలుగో పేరా

"ఆ నాలుగో పేరా తీసెయ్యి" అంటూ సెక్షన్ ఆఫీసర్ సదాశివరావు కాగితాన్ని కాంట్రాక్టు టైపిస్టు అబిగెయిల్ బల్ల మీద పెట్టాడు.

అబిగెయిల్ కాగితం వంక చూసింది. కీబోర్డు మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు.

బడిపిల్లల ఆహార సలహా సంఘం మొన్న ఢిల్లీలో వాళ్ళిద్దరూ పనిచేసే ప్రభుత్వ కార్యాలయంలోనే సమావేశమైంది. అక్కడ జరిగినదంతా రాసుకుని టైపు చేసింది ఆమే. నాలుగో పేరాలో ఉన్నవి మూడు వాక్యాలు. "మధ్యాహ్నం వండిన అన్నానికి బదులు బిస్కెట్ పొట్లం ఇవ్వాలన్న ప్రతిపాదనకు సమావేశంలో ఒకరు అభ్యంతరం చెప్పారు. బిస్కెట్ తింటే దాహం వేస్తుంది గాని ఆకలి తీరదన్నారు. కొందరు పిల్లలు బడికి వచ్చేదే ఆ అన్నం కోసమన్నారు."

సంఘం అధ్యక్షుడు రంగనాథ్‌కు బిస్కెట్ ఫ్యాక్టరీ ఉంది. మిగతా నలుగురిలో ఒకాయనది పాలపొడి, ఒకాయనది సిమెంటు, ఒకాయనవి హోటళ్ళు, ఒకావిడవి ప్రైవేటు బళ్ళు. ఎన్నికల్లో వాళ్ళు పార్టీకి విరాళాలిచ్చారు. గెలిచాక పార్టీ వాళ్ళకు కుర్చీలిచ్చింది.

అందరూ ఒప్పుకున్నారని కాగితం మీద ఉంటేనే సంతకం పెడతానన్నారట మంత్రిగారు. ఈ పేరా ఉన్నంతకాలం బిస్కెట్ పొట్లం బడి గుమ్మం తొక్కదు.

"అన్నారు సార్. నేను విన్నాను" అంది అబిగెయిల్ తల వంచుకుని. "గదిలో అన్న మాట వదలకూడదని, అనని మాట రాయకూడదని నేను చేరినరోజు మీరే చెప్పారు కదండి."

"చేరినరోజు అలాంటివి చెప్తాంలే అమ్మాయ్."

"అయితే మీరే కొట్టేసి, కొట్టేసినట్టు పక్కన సంతకం పెట్టండి సార్."

సదాశివరావు జేబులోంచి పెన్ను తీశాడు. కాసేపు చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది. పైగా చదవకుండానే సంతకం పెట్టి ఆ కాగితాన్ని నిన్ననే ఐదుగురికీ పంపించాడు.

అబిగెయిల్ ఇంకేదో చెప్పబోయింది. ఆయన కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవరన్నారో మాత్రం నాకు చెప్పకు. తెలిస్తే ఫైల్లో రాయాల్సొస్తుంది."

ఇక మిగిలింది ఒకటే దారి. అన్నవాళ్ళే అనలేదని రాసిస్తే సరిపోతుంది. ఆయన ఫోను పట్టుకుని కూర్చున్నాడు.

పాలపొడి ఆయన తాను అనలేదన్నాడు. రంగనాథ్ మీద కుళ్ళుతో సిమెంటాయనే అని ఉంటాడన్నాడు. సిమెంటాయన హోటళ్ళాయన పేరు చెప్పాడు. హోటళ్ళాయన నవ్వి, బిస్కెట్ పోతే ఎవరి పాలపొడి అమ్ముడవుతుందో ఆలోచించుకోమన్నాడు. బళ్ళావిడ సమావేశం జరిగినంతసేపూ సెల్‌ఫోన్లో ఉన్నానంది. ఫోను పెట్టేసే ముందు మాత్రం ఒక ప్రశ్న అడిగింది. రంగనాథ్‌కు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికైనా ఊరికే వస్తుందా, పైనుంచి ఎవరో చెప్పే ఉంటారు కదా అని.

ఆ అనుమానం ఒకరి నుంచి ఒకరికి పాకింది. పార్టీ పెద్దలకు రంగనాథ్ మీద కోపం వచ్చిందని మర్నాటికల్లా నలుగురూ నమ్మేశారు. తనకు మొదట్నుంచీ ఈ బిస్కెట్ సంగతి నచ్చలేదని సిమెంటాయన ఉత్తరం పంపాడు. పిల్లలకు వేడి అన్నమే మంచిదని హోటళ్ళాయన ఫ్యాక్స్ చేశాడు. మధ్యాహ్నానికి మిగతా ఇద్దరూ అదే బాట పట్టారు.

మూడింటికి రంగనాథ్ స్వయంగా వచ్చాడు. ఆయన సెక్షన్‌లో అడుగు పెట్టడం అదే మొదటిసారి. సదాశివరావు లేచి తన కుర్చీ ఇచ్చాడు. రంగనాథ్ కూర్చోలేదు. నేరుగా అబిగెయిల్ బల్ల దగ్గరికి వెళ్ళాడు.

ముందు ఆయన మెత్తగానే మాట్లాడాడు. తెలుగమ్మాయివట కదా, ఇంత దూరంలో మనవాళ్ళకు మనవాళ్ళే దిక్కు కదా అన్నాడు. గ్రేటర్ నోయిడాలో తనకు ఇంజనీరింగ్ కాలేజీ ఉందని, కావాలంటే రేపే సీటిప్పిస్తానని చెప్పాడు. ఆమె వద్దంది. అయితే రేపట్నుంచి ఇక్కడికి రానక్కర్లేదన్నాడు.

"రాకపోతే రానండి" అంది అబిగెయిల్. "పేరా మాత్రం తియ్యను."

వద్దమ్మా వద్దు అన్నట్టు సదాశివరావు వెనకనుంచి చెయ్యి ఊపుతున్నాడు.

రంగనాథ్ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఈసారి గొంతు బాగా తగ్గించాడు.

"అచ్ఛా, పేరా ఉండనీ. నాకు పేరు చెప్పు చాలు. ఆ నలుగురిలో ఎవరు? వాడి వెనక ఎవరున్నారు? మంత్రా, పార్టీ ఆఫీసా?"

"వెనక ఎవరూ లేరండి."

"భయపడకు. ఎంత పెద్దవాళ్ళయినా నేను చూసుకుంటాను. చెప్పమ్మా, ఎవరన్నారు?"

అబిగెయిల్ కుర్చీలోంచి లేచి నిలబడింది. మొదటిసారి తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది.

"మీరంతా బిస్కెట్లు రుచి చూస్తూ నవ్వుకుంటున్నారు, మీకు వినపడలేదు" అంది, గది చివరిదాకా వినపడేలా. "మూలన కూర్చుని రాసుకుంటూ, నేనే అన్నానండి."