బొమ్మ వస్తే చాలు

దీక్షిత పోయిన రోజే ఆమె ఫోన్ కూడా ముక్కలైంది. సెలవులకని హైదరాబాద్ నుంచి వస్తూ, డిచ్‌పల్లి దగ్గర బస్సు దిగి హైవే దాటుతుండగా ప్రమాదం జరిగింది. హారన్ కొడుతూనే ఉన్నానని లారీ డ్రైవర్ పోలీసులకు చెప్పాడు. ఆమె తండ్రి రాజారాం సారు ఆ మాట విని, కాగితాల మీద సంతకం పెట్టి వచ్చేశాడు.

ఫోన్‌లోని మెమరీ కార్డు మాత్రం దక్కింది. అందులో ఒక వీడియోకు ‘బాపు’ అని, అంటే నాన్న అని, పేరు పెట్టి ఉంది. దాని కోసమే ఆయన ఇంట్లోని పాత కంప్యూటర్‌ను ఆటోలో వేసుకొని, బోధన్‌లో షక్కర్‌నగర్ రోడ్డు మీదున్న తుకారాం దుకాణానికి వచ్చాడు.

“గీ డబ్బాను ఇంకా ఇడ్సిపెట్టలేదా సార్?” తుకారాం నవ్వబోయి, సారు ముఖం చూసి ఆగిపోయాడు. ఒకప్పుడు ఆయన దగ్గర తెలుగు చదువుకున్నవాడే. సారు కూతురిని మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆ పిల్ల చదువంతా చిన్ననాటి నుంచీ హాస్టల్లోనే సాగింది.

“కార్డు ఇటియ్యుండ్రి. నా సిస్టంల పెడితే చిటికెల వస్తది.”

“వద్దు. దీంట్లనే రావాలె. ఇంటికి తీస్కపోయి మళ్ళమళ్ళ చూడాలె.”

తుకారాం కార్డు పెట్టి వీడియో నొక్కాడు. తెర నల్లగా ఉండిపోయింది. స్పీకర్లలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, దాని మధ్య గాజుల గలగల. అంతే.

రాజారాం కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఆ గాజులు ఆయన కొనిచ్చినవే.

“ఫైలు మంచిగనే ఉంది సార్. సిస్టంల కోడెక్ లేదు.”

“అంటే?”

“మీరు నాకు సంధులు చెప్పిండ్రు, నేను మీకు కోడెక్ చెప్త. వీడియోది ఒక భాష అనుకోండ్రి. గా భాష సిస్టంకు తెల్వకుంటే, అంతా కండ్ల ముందటనే ఉన్నా ఒక్క ముక్క సమజ్ కాదు. కోడెక్ ఏస్తే సమజైతది.”

రాజారాం తల దించుకున్నాడు. “వెయ్యి,” అన్నాడు.

“కోడెక్‌లు మూడు ప్యాక్‌లల్ల వస్తయి. ఏ ప్యాక్ అన్నదే సవాల్. చిన్నదైతే గీ ముసలిదానికి బరువు గాదు. నడిమిది కొంచెం నయం. ఫుల్ ప్యాక్‌ల అన్ని భాషలుంటయి గని, మోస్తదో కూలవడ్తదో!”

చిన్నది వేశాడు. మళ్ళీ అదే నలుపు, అవే గాజులు.

ఇంతలో భార్య సుకన్య ఫోన్ చేసింది. “బొమ్మ వచ్చిందా?”

“ఇంకా రాలేదు. వచ్చినంక ఇంటికి తెస్త. ఇద్దరం చూద్దాం.”

సుకన్య ఒప్పుకోలేదు. “నేను చూడ. అది మీకు పెట్టింది. ఇన్నేండ్లు మీ ఇద్దరి నడుమ నేనే తిరిగిన. ఈసారి నన్ను నడుమ పెట్టకుండ్రి.”

ఆమె అన్నది నిజమే. తండ్రీకూతుళ్ళ మాటలు ఎప్పుడూ సుకన్య మీదుగానే నడిచేవి. ఇంటికొచ్చిన నాలుగు రోజులకే దీక్షిత మళ్ళీ బస్సెక్కేది. వచ్చే సెలవుల్లో కూర్చొని మాట్లాడుకుందాం లెమ్మని ఆయన ప్రతిసారీ అనుకునేవాడు.

దుకాణంలో ట్యూబ్‌లైటు రెండుసార్లు ఆరి వెలిగింది. రాజారాం చటుక్కున గుమ్మం వైపు తిరిగాడు. సెలవులకు ఇంటికి రాగానే దీక్షిత గుమ్మం పక్కనున్న స్విచ్ అలాగే రెండుసార్లు నొక్కేది.

“ఎవ్వరు లేరు సార్. కరెంటు గట్లనే ఆడుతది. ఇన్వర్టర్ ఉంది, ఫికర్ లేదు.”

నడిమి ప్యాక్ ఎక్కేసరికి కంప్యూటర్ రెండుసార్లు ఆగింది. రెండోసారి ఆగినప్పుడు తుకారాం “హరే!” అని కీబోర్డు మీద అరచేత్తో కొట్టాడు. తర్వాత తెర మీద ముందు పచ్చటి గళ్ళు కనిపించాయి. గళ్ళు కరిగి, హాస్టల్ గది అయింది. మంచం అంచున దీక్షిత కూర్చొని ఉంది.

“వచ్చింది సార్!”

ఆమె సూటిగా చూస్తోంది. నవ్వింది. పెదవులు కదిలాయి, చేతులు లేచాయి.

“మీ బిడ్డేనాయె! మీరు పాఠం చెప్పినట్టే చేతులు తిప్పుకుంట చెప్తున్నది.” తుకారాం స్పీకర్ పెంచాడు. ఫ్యాను హోరెత్తింది. గాజులు గలగలలాడాయి. “గిదేంది? గాజులు వినొస్తున్నయి, మాట వస్తలేదు. మాట ట్రాక్ వేరే ఉన్నట్టుంది సార్. ఫుల్ ప్యాక్ ఎయ్యాలె.”

“వద్దు.”

“ఎయ్యకుంటే మాట రాదు సార్. గని ఎయ్యాల్నంటే ఇప్పుడున్న ప్యాక్ తీసెయ్యాలె. బొమ్మ మళ్ళ వస్తదన్న గ్యారంటీ నేనియ్య.” అంటూనే అలవాటుగా మౌస్‌ను తీసివేసే గుర్తు మీదికి జరిపాడు.

రాజారాం చెయ్యి అతని చెయ్యి మీద పడింది. బడిలో ఎన్నడూ గొంతు పెంచని మనిషి. “ముట్టకు!” అన్నాడు.

తుకారాం బిత్తరపోయాడు. రాజారాం వెంటనే చెయ్యి తీసేసుకున్నాడు. “బొమ్మ వస్తే చాలు తుకారాం,” అన్నాడు మెల్లగా.

“అదేంది సార్? బిడ్డ మీ పేరు మీద చెప్పిపోయిన ముచ్చట. ఏమన్నదో తెల్వొద్దా?”

“తెల్వాలె.”

ఆయన వీడియోను మొదటికి జరిపాడు. దీక్షిత మళ్ళీ నవ్వింది. తెర లోంచి ఆయన వైపు వేలు చూపింది. రెండు అరచేతులూ దగ్గరికి తెచ్చి, విడదీసి, గుండెకు తాకించుకుంది. రాజారాం తన చేతులు కొద్దిగా పైకెత్తాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించిన ఆ సారు, పుట్టుకతోనే వినికిడీ మాటా లేని కూతురి చేతుల భాష ఇంకా నేర్చుకోలేదు.