తగ్గని దగ్గు

కోడలు మళ్ళీ మెట్ల దగ్గరికొచ్చి నిలబడింది.

కింద ఆమె మందుల షాపు. పైన మామగారి క్లినిక్. పొద్దుట్నుంచీ సగం మెట్లెక్కడం, ధైర్యం చాలక దిగిపోవడం. కౌంటర్ దగ్గర ఎవరో జలుబు మాత్ర అడిగితే కడుపునొప్పి మాత్ర ఇవ్వబోయింది. మనసు మనసులో లేదు.

ఉండదు మరి. వానలు మొదలైనప్పట్నుంచీ ఒకే మనిషికి దగ్గు మందు. అది పనిచేయలేదని యాంటీబయాటిక్. మళ్ళీ యాంటీబయాటిక్, ఈసారి డబ్బా రంగు మారిందంతే. ఆపైన ఇన్‌హేలర్. మొన్నట్నుంచి భుజం నొప్పికి మాత్రలు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద సంగతి కాదు. అన్నీ ఆమె చేతుల మీదుగానే వెళ్ళాయి కాబట్టి, కలిపి చూసుకునేసరికి గుండె జారిపోయింది.

ఒకసారి ఎక్స్‌రే మాట ఎత్తి చూసింది. నీ షాపు నువ్వు చూసుకోమని మొహం వాచేలా చీవాట్లు పడ్డాయి. భర్తకి ఫోన్ చేస్తే, నావల్ల కాదు, నాన్నగారికే చెప్పు అని తప్పించుకున్నాడు. ఆ మహానుభావుడి ధైర్యం అంతేలెండి.

చివరి పేషెంటు బయటికి రాగానే ఈసారి ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది. మామగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, అలా చెమటలు పట్టాయేం అని అడిగారు.

ఒక మనిషి సంగతి మాట్లాడాలంది. పేరు చెప్పలేదు. మందుల వరస మాత్రం ఏకబిగిన చెప్పేసింది. ఎక్కడ ఆగితే అక్కడ ఏడుపొస్తుందేమోనని భయం. సిగరెట్ అలవాటు లేదని కూడా చెప్పింది.

వినేకొద్దీ ఆయన మొహం మారిపోయింది. తోటి డాక్టర్ల తప్పు దొరికితే మామూలుగా ఆయనకి పండగే. ఇవాళ మాత్రం నిజంగానే కోపమొచ్చింది.

"ఇన్నాళ్ళూ ఒక్క ఎక్స్‌రే తీయించలేదా? దగ్గు తగ్గకపోతే మందులు మారుస్తూ కూర్చుంటారా? సిగరెట్ తాగకపోతే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ రాదని ఎవడు చెప్పాడు? ఎవడమ్మా ఆ మందులు రాసింది?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. చదువుకున్న గాడిద అని ఆ డాక్టర్‌నీ, అడగడం చేతకాని దద్దమ్మ అని ఆ పేషెంట్‌నీ కలిపి దులిపేశారు. గొంతు పట్టేస్తే మంచినీళ్ళు తాగి మళ్ళీ అందుకున్నారు. క్యాన్సరే అని తను అనడం లేదట. కాదని తేలేదాకా మాత్రం ఊరుకోకూడదట. ఇప్పుడు పట్టుకుంటే బతికించుకోవచ్చు, ఇలాగే నాన్చితే చేయి దాటిపోతుంది అన్నారు.

"వినరేమో మామయ్యగారూ. చాలా మొండి మనిషి."

"నేను చెప్తే వినకేం చేస్తాడు? మెడ పట్టుకుని తీసుకెళ్తాను."

ఆమెకి కాస్త ఊపిరొచ్చింది. ఆయన చీటీ లాక్కుని ఛాతీ స్కాన్ అని రాశారు. అర్జెంట్ అని రాసి కింద గట్టిగా గీత గీశారు. సంతకం పెట్టారు. స్కాన్ సెంటర్‌కి తనే ఫోన్ చేసి, రేపు పొద్దున్నే మనిషిని పంపిస్తున్నానని ఖాయం చేశారు. తర్వాత చీటీ పైన ఖాళీలో పెన్ను ఆనించి తలెత్తారు.

"పేరు చెప్పు."

"మీ పేరే రాయండి మామయ్యగారూ, ఆ మందులన్నీ రాసుకున్నదీ మీరే, మింగిందీ మీరే."