తుప్పుదొర బాల్యం

"ఏడ్చేశానయ్యా! అరవైకి దగ్గర పడ్డవాణ్ణి, ఈ కుర్చీలోనే కూర్చుని భోరుమన్నాను," అన్నాడు సంపాదకుడు, బల్ల మీది టైపు కాగితాలను పసిపిల్లను జోకొట్టినట్టు తడుతూ.

ఎదురుగా కూర్చున్న రచయితకు ఒళ్లు మండిపోయింది.

పన్నెండేళ్లుగా ఆ బొమ్మల వారపత్రికకు కథలు రాస్తున్నది అతను. కొండల్ని పిడికిలితో పిండి చేసే వజ్రబాహువును పుట్టించింది అతను. ఆ వీరుడి చేతిలో వారం వారం తన్నులు తినడానికి ఓ దుర్మార్గుడు కావాలి కాబట్టి, ముట్టుకున్న ఇనుమునల్లా తుప్పు పట్టించే తుప్పుదొరను పుట్టించిందీ అతనే. ఇన్నేళ్లలో సంపాదకుడు ఒక్క చుక్క రాల్చిన పాపాన పోలేదు. పైగా, "నీకు కొట్లాటలు బాగా వచ్చోయ్. కన్నీళ్లు మాత్రం నీ వల్ల కాదు," అని నవ్వేవాడు.

ఏడు నెలల కిందట, పత్రిక చదివేవాళ్లు తగ్గిపోతుంటే, పాఠకులకు ఒక పోటీ పెట్టారు. తుప్పుదొర అలా ఎందుకు తయారయ్యాడు? అతని గతం రాసి పంపాలి. ఊరూ పేరూ లేకుండా ఓ కవరు వచ్చింది. లోపల టైపు చేసిన ఎనిమిది పేజీలు. అడుగున 'పొరుగువాడు' అని టైపు. అది అచ్చవగానే తరువాయి కథల కవర్లు వారం వారం రాసాగాయి.

అప్పటి నుంచి ఆఫీసులో పొద్దస్తమానం పొరుగువాడి భజనే.

ఆ కథలో తుప్పుదొర ఓ దర్జీ అమ్మ కొడుకు. వాడి వేళ్లు తగిలితే సూదులు తుప్పు పట్టేవి. తల్లి వాడికి గుడ్డ తొడుగులు కుట్టి వేసింది. ఒకరోజు ఆమె జ్వరంతో పడుకుంటే, మిగిలిన గౌను తనే కుట్టి పెడదామనుకున్నాడు. తొడుగులతో దారం ఎక్కలేదు. తీసేశాడు. సాయంత్రానికి మిషను బిగుసుకుపోయింది. తల్లి పల్లెత్తు మాట అనలేదు. మర్నాటి నుంచి నాలుగిళ్లలో నేల తుడవడానికి వెళ్లింది. ఆ రోజు ఆమె నాలుగు తగిలించి ఉంటే వాడు మంచివాడయ్యేవాడేమో, అని రాశాడు పొరుగువాడు.

పిల్లలు వజ్రబాహువును మరిచిపోయి చేతులకు పాత మేజోళ్లు తొడుక్కుని తిరగసాగారు.

"అన్నా, పొరుగువాడి కథకు బొమ్మ వేస్తుంటే కుంచె దానంతటదే పరిగెడుతోంది," అన్నాడు చిత్రకారుడు.

"మరి నా కథకు?"

"నీ కథకేముందన్నా, పిడికిలి వేస్తే సగం పేజీ అయిపోతుంది!"

పుండు మీద కారం చల్లినట్టయింది.

ఇంటికి పోతే అక్కడా అదే గోల. భార్య బళ్లో లెక్కల టీచరు. పద్దెనిమిదేళ్ల కాపురంలో వజ్రబాహువును రెండో పేజీ దాటి చదవలేదు. అలాంటిది ఇప్పుడు పత్రిక వచ్చిన రోజు చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుంటోంది.

"ఎవరండీ ఈయన?"

"ఎవడో పనీపాటా లేనివాడు."

"పనీపాటా లేనివాడు ఇలా రాయడు. ఆ మిషను ఆగిపోయిన చోట నాకు గుండె పట్టేసినట్టయింది." కొంగుతో కళ్లొత్తుకుని అడిగింది, "అవునూ, మీ వజ్రబాహువుకి అమ్మ ఉందా?"

అతను చొక్కా విప్పే నెపంతో లోపలికి నడిచాడు. పన్నెండేళ్లలో ఆ సంగతి రాయలేదు.

మర్నాడు తిన్నగా సంపాదకుడి గదిలోకి వెళ్లాడు. "పొరుగువాణ్ణి ఆపేయండి. తుప్పుదొర నా బిడ్డ."

"కన్నావు సరే, పెంచింది వాడు. ఆపేది వాణ్ణి కాదు. వచ్చే నెల నుంచి వజ్రబాహువుకి సెలవు. నువ్వు అచ్చుతప్పులు దిద్దుకో."

అతని మొహం మాడిపోయింది. "వాడెవడో తెలిస్తే మీరిలా మాట్లాడరు."

"ఎవడైతే నాకేం? వాడి ముందు నువ్వెంత?"

ఆ మాట అతని చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. మూడో రోజు పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే భార్య ఓ కవరు చేతిలో పెట్టింది. "ఆయనకండీ. మీ ఆఫీసులో ఇస్తే చేరే దారేదో ఉంటుంది కదా." చెప్తున్నప్పుడు ఆమె బుగ్గలు కాస్త ఎర్రబడ్డాయి.

బస్సు స్టాపులో బెంచీ మీద కూర్చుని కవరు చించాడు.

"పొరుగువాడు గారికి. నేను కథలు చదివే మనిషిని కాను. మా ఆయన రచయితే, మంచివారే. కానీ ఇన్నేళ్లుగా ఒకే కప్పు కింద ఉన్నా ఆయన మనసులో ఏముందో నాకు తెలీదు. మా అత్తగారిని నేను చూడలేదు. ఆవిడ గురించి అడిగితే మాట మార్చేస్తారు. మీరు ముక్కూ మొహం తెలియని మాకు ఓ అమ్మను చూపించారు. మీలాంటి మనిషితో ఒక్క పూట మాట్లాడితే చాలనిపిస్తుంది. జవాబు రాస్తారు కదూ?"

కుళ్లుతో అతని కళ్లు ఎర్రబడ్డాయి. పెళ్లయిన కొత్తలో కూడా తనకు కూరగాయల చీటీలే తప్ప ఇలాంటి ఉత్తరం ఒక్కటి రాసిన మనిషి కాదు ఆమె. చింపేద్దామని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. వేళ్లు కదల్లేదు. రెండు బస్సులు వచ్చి వెళ్లిపోయాయి. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

సంచిలోంచి తెల్లకాగితం తీసి 'గౌరవనీయులైన పాఠకురాలికి' అని రాసి, అది కొట్టేసి, ఇంట్లో పిలిచే ముద్దుపేరుతో మళ్లీ మొదలుపెట్టి, పేజీ నిండా తన అమ్మ గురించి రాసి, ఏడు నెలలుగా టైపు మిషను మీద కొడుతూ వచ్చిన పేరును మొట్టమొదటిసారి సొంత దస్తూరితో కింద పెట్టాడు: పొరుగువాడు.