కోడలు తెచ్చిన రుబ్బురోలు

మా బుల్లి గ్రహం మీద పోపు పెడితే ఆవాలు ఎగిరి పైకప్పుకి తగులుతాయి. మనల్ని కిందికి లాగేది నేలలో ఉన్న రాయీ మట్టే. ఆ నేలనే గనులవాళ్లు తవ్వి ఓడల్లో తరలించేశారు. అందరం అడ్డం పడి గనులు మూయించాం. అప్పట్నుంచి మా ఇళ్లకి చుట్టాలెవరూ చేతులూపుకుంటూ రారు, తలో రాయి తెస్తారు.

నిన్న భూమి నుంచి మా కొత్త కోడలు హిమజ దిగింది. వాళ్లమ్మగారి రుబ్బురోలు వెంట తెచ్చింది. వంటింటి మూల పెట్టించాను.

"ఇంత గ్రహానికి ఈ ఒక్క రోలు ఏ మూలకి, అత్తయ్యా?" అంది.

"పట్టుకుపోయినవాళ్లూ ఒక్కొక్క రాయే పట్టుకుపోయారమ్మా," అన్నాను. "వచ్చే నెల మీ నాన్నగారు నిన్ను చూడ్డానికొస్తారుగా. తిరగలి మర్చిపోవద్దని చెప్పు."