దారి తప్పినవాళ్ళు కావలెను

"అమ్మా, ఒక్క నిమిషం. ఈ ఆస్పత్రిలో మీరెప్పుడైనా దారి తప్పారా?"

ఫ్లాస్కు గుండెకు హత్తుకుని నడుస్తున్న పెద్దావిడ ఆగింది.

"నేనా? చాల్లే తల్లీ, నేనేమన్నా చిన్నపిల్లనా!"

నవ్వేసి వెళ్ళిపోయింది.

కాలేజీలో డిజైన్ థింకింగ్, అంటే జనం ఇబ్బందులు గమనించి ఉపాయం ఆలోచించే విద్య, నేర్చుకుంటున్న ఆ అమ్మాయి ఉసూరుమంది. ఎలాంటి గుర్తులు పెడితే జనం ఇక్కడ దారి తప్పకుండా ఉంటారో కనిపెట్టడం ఆమె ప్రాజెక్టు.

"ముందు మనిషి కష్టం చూడండి. పరిష్కారం తర్వాత" అన్నారు మాస్టారు. సాయంత్రంలోగా దారి తప్పిన మనిషి ఒక్కరైనా దొరక్కపోతే ఆ ప్రాజెక్టు ఇక లేనట్టే.

ఎవరినడిగినా ఒకటే జవాబు. లేదు.

"మనమే దారి తప్పినట్టున్నాం" అన్నాడు ఆమె స్నేహితుడు.

పొడవాటి వరండాలు. అద్దాల్లోంచి పడిన ఎండ నేల మీద నీళ్ళలా కదులుతోంది. ఆ వెలుగులో మనుషులు నడవడం లేదు, తేలిపోతున్నారనిపించింది అమ్మాయికి.

అలా తేలుతూ మళ్ళీ ఫ్లాస్కు ఆవిడ.

"ఏం పిన్నిగారూ, షికారా?" పలకరించాడు స్నేహితుడు.

"అవును బాబూ. ఊరికే కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయి."

ఒక్కో తలుపు దగ్గరా కాస్త ఆగి, తలెత్తి చూసి, మెల్లగా మలుపు తిరిగింది. ఏదో పాత పాటకు అడుగు కలుపుతున్నట్టుంది ఆ నడక.

"ఎంత హాయిగా తిరుగుతోందో!" అమ్మాయి మైమరచిపోయింది. "ఆ వయసొచ్చాక నేనూ అలాగే ఉండాలి."

"ముందు ప్రాజెక్టు గట్టెక్కించు తల్లీ!"

కాసేపటికి ఆవిడ మళ్ళీ వచ్చింది. వాళ్ళ పక్కనే బెంచీ మీద కూలబడింది.

"ఇక్కడ గదులన్నీ ఒక్కలాగే ఉంటాయి, కదమ్మా?"

"పనిలో ఉన్నానండీ, ఏమీ అనుకోకండి" అంటూ అమ్మాయి అటుగా వస్తున్న మరో మనిషి వైపు పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీ.

అంతలో ఒక నర్సు ఆయాసపడుతూ వచ్చింది.

"ఫ్లాస్కు పట్టుకున్న పెద్దావిడ గానీ కనిపించిందా?"

"ఆవిడా! ఇందాకట్నుంచీ ఇక్కడే షికార్లు" నవ్వాడు స్నేహితుడు.

"షికార్లేమిటి బాబూ! కిందికి టీకని వెళ్ళి పైకి రానేలేదు. మా ఆవిణ్ణి చూడందే ఆపరేషనుకు రానని వాళ్ళాయన ఒకటే మొండిపట్టు. డాక్టర్లు మాత్రం ఎంతసేపని ఆగుతారు? ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళిపోయారు."

అమ్మాయి ఖాళీ బెంచీ వైపు తిరిగింది.

"మరి... దారి ఎవరినైనా అడగొచ్చుగా?"

"చదువు రాదని నలుగురికీ తెలిసిపోతుందని మహా సిగ్గట ఆవిడకు. అన్నీ తెలిసినదానిలా నవ్వుకుంటూ, ఇంతసేపూ ఆయన గదే వెతుక్కుంటూ ఉండి ఉంటుంది, పాపం!"