నిండిన గ్రంథాలయం

తెలంగాణ కోసం వేసిన దీక్షా శిబిరంలో కూర్చున్న ఓదెమ్మ ముందు నఫీసా బేగం చాలాసేపు నిలబడింది. అడగాలంటే మొహమాటంగా ఉంది.

"అవ్వా, జర మీరంతా వచ్చి మా లైబ్రరీల కూసోవాలె. పెద్దసారు వస్తుండు."

కొడకండ్ల అవతలి ఎర్రకుంటపల్లిలో శాఖా గ్రంథాలయాన్ని చూసుకునేది నఫీసాయే. ఇంటిపన్నుతో పాటు ఊరు కట్టే గ్రంథాలయ పన్ను ఎక్కడ ఆగిపోతోందో గాని, మూడేళ్లుగా ఇక్కడికి చేరడం లేదు. పత్రికలు ఆగిపోయాయి. వానొస్తే పైకప్పు కారుతుంది. కొలువుల పరీక్షలకు చదివేవాళ్లు పేపరు కోసం బస్సెక్కి జనగామ పోతున్నారు. ఇప్పుడు ఈ శాఖను ఉంచాలా, ఎత్తేయాలా తేల్చడానికి జిల్లా అధికారి వస్తున్నాడు. ఖాళీ కుర్చీలు చూస్తే ఏం రాస్తాడో ఆమెకు తెలుసు.

తనకు చదువు రాదని ఓదెమ్మ చెప్పింది. కూర్చోవడం వస్తే చాలంది నఫీసా. తెలంగాణ వచ్చేదాకా కూర్చోవడమే తమ పని గనక, ఆ కూర్చునేదేదో కాసేపు కుర్చీల్లో కూర్చుందామని సైకిల్ షాపు జానీమియా తీర్మానించాడు. బ్యానరును టెంటులోనే వదిలి అందరూ రోడ్డు దాటారు.

అధికారి వచ్చేసరికి కుర్చీలు చాలక కొందరు గోడవార కూర్చున్నారు. తండా నుంచి వచ్చిన తుల్సీబాయి బొమ్మల పుస్తకం తిరగేస్తోంది. జానీమియా మోటారు మరమ్మతుల పుస్తకంలో నిజంగానే మునిగిపోయాడు. అధికారి ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి, పేపరు పట్టుకున్న ఓదెమ్మ దగ్గర ఆగాడు.

"ఏం చూస్తున్నవ్ అవ్వా?"

"తెలంగాణ ఎప్పుడిస్తరో రాసిండ్రేమోనని చూస్తున్న సారు."

ఆయన వంగి తేదీ చూశాడు. "గిది మూడేండ్ల కిందటి పేపరు గదా."

"కొత్త దాంట్ల గూడ గదే ఉంటది సారు. ఇస్తమనే."

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. తర్వాత నఫీసాను పిలిచి కూర్చోబెట్టి, నిధులు ఎప్పటినుంచి రావడం లేదో అడిగాడు. ఆమె పత్రికల సంగతి, పైకప్పు సంగతి అన్నీ చెప్పుకుంది. ఆయన అడ్డుచెప్పకుండా విన్నాడు. తన సర్వీసులో ఇంతమంది చదివే శాఖను చూడలేదనీ, దీన్ని ఎత్తేసే మాటే లేదనీ అన్నాడు. నఫీసా కళ్లు చెమర్చాయి. అబద్ధమాడానన్న బాధ అంతటితో పోయింది.

జీపు దాకా వెంట వెళ్లి, మరి నిధులు ఎప్పటిలోగా వస్తాయని అడిగింది. ఆయన ఆశ్చర్యంగా ఆమె వైపు, నిండిన గ్రంథాలయం వైపు చూశాడు.

"పైసలు లేకుండనే గింత మంచిగ నడుస్తుంటే, ఇంక పైసలెందుకమ్మా?"