ఎడమ చెంప మీది పుట్టుమచ్చ

"మళ్ళీ ఫొటోలో ఉన్నదున్నట్టు చెక్కేస్తున్నావా అమ్మాయ్? పోయినసారి జరిగింది చాల్లేదూ?" అచ్చుమర తుడుస్తూనే కేకేశాడు నికనోర్.

"లేదు మాస్టారూ. ఈసారి అద్దం పెట్టుకున్నాను," కిటికీ పక్క బల్ల మీంచి తలెత్తకుండా అంది రెనాతా.

చెక్క మీద చెక్కిన బొమ్మ కాగితం మీద తిరగబడుతుంది. అందుకే ఈ పనివాళ్ళు ఫొటోని అద్దంలో చూస్తూ చెక్కుతారు. ఆ సంగతి తెలియక పోయినసారి రెనాతా, మాయమైపోయిన తన మొగుడు ఎఫ్రైన్ బొమ్మని ఫొటోలాగే చెక్కేసింది. ఎడమ చెంప మీది పుట్టుమచ్చ కుడి చెంపకి వెళ్ళిపోయింది. నికనోర్ ఎఫ్రైన్‌ని ఎన్నడూ చూసినవాడు కాదు, పట్టుకోలేకపోయాడు. మూడు వందల గోడల మీద అంటించాక ఎవరో చెప్పారు.

ఊళ్ళో మనుషులు మాయమైపోతున్నారు. మామూలు పోస్టర్లు అంటిస్తే, ఎత్తుకుపోయినవాళ్ళు ఒక్కరోజు కూడా ఉంచరు, చింపించేస్తారు. తంబోలాలాంటి లొతేరియా ఆటముక్కలా బొమ్మ, మాయమైన వరసలో ఎన్నోవాళ్ళో ఆ అంకె, పేరు వేసి అంటిస్తే మాత్రం చింపడానికి ఎవరికీ చేతులు రావు. పసితనం నుంచీ చిక్కుడు గింజలు పెట్టి ఆడుకున్న ముక్కలాయె. అలా నికనోర్ మర మీద ముప్పై ఎనిమిది ముఖాలు పడ్డాయి. ఒక్కళ్ళూ తిరిగి రాలేదు.

"పిల్లదేదీ?"

"మా చెల్లి దగ్గర. రేపూ అక్కడే. మాయమైనవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళమంతా పారలు పట్టుకుని కొండ తవ్వడానికి వెళ్తున్నాం."

"వెళ్ళొద్దన్నారుగా వాళ్ళు?"

"రెండుసార్లు. ఇంటికొచ్చి మరీ. పిల్ల పేరు కూడా తెలుసు వాళ్ళకి."

నికనోర్ చేతిలో గుడ్డ ఆగింది. "మరి మానెయ్యరాదుటే?"

"మానేస్తే ఆయన ఎముకలైనా ఎవరు వెతుకుతారు? మీరా? శుక్లాలతో మీ మర ఎక్కడుందో మీకే తెలీదు!"

"నోరు మాత్రం బాగా పదును పెట్టుకున్నావ్," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

మధ్యాహ్నానికి చెక్కని గుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టింది.

"ఎన్ని వెయ్యమంటావ్?"

"ఇప్పుడొద్దు. మీ దగ్గరే ఉంచండి. కావలసినప్పుడు మా చెల్లి వచ్చి అడుగుతుంది. అంకె చోటు ఖాళీగా వదిలాను. అప్పటికి ఎంతైతే అంత వేసెయ్యండి."

'ఎఫ్రైన్‌కి పాత అంకె ఉండనే ఉందిగా!' అనుకున్నాడు గానీ, అడిగేలోపు ఆమె గడప దాటింది. దిగులుతో అదీ మర్చిపోయింది పిచ్చిది, అని నిట్టూర్చాడు.

కనీసం పుట్టుమచ్చయినా సరైన చెంపకి వచ్చిందో లేదో చూద్దామనిపించింది. అతని కళ్ళకి చెక్క మీది గాట్లు ఆనవు. తెల్ల కాగితం మీద నలుపు పడితేనే తెలుస్తుంది. తడుముకుంటూ సిరా పూశాడు, కాగితం పరిచాడు, మర చక్రం తిప్పాడు. కాగితాన్ని మెల్లగా ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు.

అది రెనాతా ముఖం.